మూడో టర్న్ గురించి: ఒక యువ రచయితకు లేఖ

నల్లగొండ

తమ్మునికి,

ఆశీస్సులు. నాగర్‌కర్నూల్ నుంచి నీవు పంపిన వ్యాసం అందింది. పోకెమాన్లనే వింత జీవులను బరిలోకి దించి ఇద్దరు తలపడే వీడియో గేమ్ పోటీ గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలన్న నీ పట్టుదల చూసి చాలా సంతోషించాను. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. ఈ ఉత్తరమంతా ఆ చోటు గురించే.

"మూడో టర్న్‌లో స్టార్మీ థండర్‌బోల్ట్ వేయగానే గ్యారడాస్ పడిపోయింది" అని రాశావు. అంటే, ఇద్దరూ చెరో ఎత్తు వేసే మూడో వంతులో, స్టార్మీ అనే పోకెమాన్ వేసిన ఎలక్ట్రిక్ దెబ్బకు అవతలివాడి పోకెమాన్ గ్యారడాస్ ఓడిపోయింది. గ్యారడాస్‌కు వాటర్, ఫ్లయింగ్ టైపులు (ఏ దెబ్బ ఎంత తగులుతుందో తేల్చే వర్గాలు) రెండూ ఉన్నాయి కనుక ఎలక్ట్రిక్ దెబ్బ దానికి నాలుగింతలు తగులుతుందని వివరించావు కూడా. వివరణ సరైనదే. కానీ ఆ సంగతి అవతలి ఆటగాడికీ తెలుసు కదా! తెలిసి కూడా అతడు గ్యారడాస్‌ను అక్కడే ఎందుకు నిలిపాడన్న ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఈ ఆట లోతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, రచ్చబండ మీద సుద్దతో పటం గీసుకుని మా తాత పులి-మేక ఆడుతుంటే గంటల తరబడి చూసేవాణ్ని. మూడు పులులు, పదిహేను మేకలు అందరి కళ్ల ముందే ఉండేవి. ఒకరు కదిపిన తర్వాతే మరొకరు కదిపేవారు. అష్టాచెమ్మా అలా కాదు, అందులో గవ్వలు పడిన తీరును బట్టే నడక. పోకెమాన్‌లో ఎత్తుగడ, అదృష్టం రెండూ ఉన్నాయి, వాటితో పాటు ఈ రెండు ఆటల్లోనూ లేని గుణం ఒకటుంది: ఇద్దరు ఆటగాళ్లూ తమ ఎత్తును ఒకే సమయంలో, ఒకరికొకరు తెలియకుండా ఎంచుకుంటారు. ఆట మొదట్లో అవతలివారి ఆరు పోకెమాన్లు ఏవో కనిపిస్తాయి గాని, వాటి మూవ్‌లు (వేయగల ఎత్తులు), చేతిలోని ఐటమ్‌లు (సాయపడే వస్తువులు) మామూలుగా కనిపించవు.

ఇప్పుడు నీ మూడో టర్న్‌కు తిరిగి వద్దాం. అవతలి ఆటగాడి దగ్గర గార్చోంప్ కూడా ఉందని నీవే మొదటి పేరాలో చెప్పావు. అది డ్రాగన్, గ్రౌండ్ టైపుల పోకెమాన్, ఎలక్ట్రిక్ దెబ్బ దానికి అసలే తగలదు. దాడుల కన్నా స్విచ్, అంటే బరిలోని పోకెమాన్‌ను మార్చడం, ముందు జరుగుతుంది కనుక, థండర్‌బోల్ట్ వస్తుందని ఊహించి అతడు గార్చోంప్‌ను దించితే స్టార్మీ టర్న్ వృథా. ఆ స్విచ్‌ను స్టార్మీ ఆటగాడు ముందే ఊహిస్తే ఐస్ బీమ్ అనే మంచు దెబ్బ వేస్తాడు, అది గార్చోంప్‌కు నాలుగింతలు. కానీ గ్యారడాస్ కదలకుండా నిలిస్తే అదే ఐస్ బీమ్ మామూలు దెబ్బగా మిగిలిపోతుంది, ఈలోగా గ్యారడాస్ డ్రాగన్ డాన్స్ చేసి దాడిని, వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుంటుంది, వేగంలో పూర్తిగా తీర్చిదిద్దినదైతే స్టార్మీనీ దాటిపోతుంది. నిలిచినవాడు తెలివితక్కువవాడు కాడు. ప్రత్యర్థి తన స్విచ్‌ను ఊహించి ఐస్ బీమ్ వేస్తాడని నమ్మి నిలిచాడు, ఆ నమ్మకం ఈసారి తప్పింది. పాఠకుడికి నీవు చూపవలసింది ఆ నమ్మకాన్ని.

ఇక్కడ ఎప్పుడూ సరైన ఎత్తు అంటూ ఒకటి ఉండదు. ప్రతిసారీ థండర్‌బోల్టే వేసేవాడిని రెండో ఆటకే చదివేస్తారు. అందుకే మంచి ఆటగాడు ఏది తప్పితే తనకు తక్కువ నష్టమో కూడా లెక్కిస్తాడు. ముందంజలో ఉంటే ఆ దారినే పోతాడు, వెనుకబడితే తెగించి ఊహిస్తాడు. కనుక ఆ టర్న్ నాటికి ఎవరివి ఎన్ని పోకెమాన్లు మిగిలాయో చెప్పకుండా ఏ ఎత్తునూ మెచ్చుకోవద్దు, తప్పు పట్టవద్దు.

నాలుగో పేరాలో "దురదృష్టం వల్ల ఓడిపోయాడు" అన్నావు. ఆ మాటను నేనైతే లెక్క లేకుండా రాయను. ఫైర్ బ్లాస్ట్ అనే నిప్పు దెబ్బ బలం 110 అయినా నూటికి 85 సార్లే తగులుతుంది. మరో నిప్పు దెబ్బ ఫ్లేమ్‌త్రోవర్ బలం 90, గురి మాత్రం నూటికి నూరు. వరుసగా మూడు ఫైర్ బ్లాస్ట్‌లు తగలాలన్న పథకం వేసుకుంటే అది నూటికి 61 సార్లే నెరవేరుతుంది. మూడోది గురి తప్పితే అది దురదృష్టమా, పథకంలోని లోపమా? ఫ్లేమ్‌త్రోవర్‌తో పని జరిగేదా అన్నది చూసిన తర్వాతే తీర్పు చెప్పు.

టీమ్ తయారీ మీద నీవు రాసిన రెండు పేజీలు బాగా తగ్గించవచ్చు. పోకెమాన్ గుణాలకు 510 పాయింట్ల పంపకం, ఒక్కో గుణానికి 252 హద్దు, ఇరవై ఐదు నేచర్లు (స్వభావాలు) అన్నీ ఒకే చోట కుమ్మరిస్తే కొత్త పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు. గార్చోంప్ మూల వేగం 102 అన్న అంకెను, అది 100 వేగమున్న చారిజార్డ్ అనే పోకెమాన్ కన్నా ముందు దెబ్బ కొట్టిన టర్న్‌లోనే చెప్పు. ఆ రెండు పాయింట్ల విలువ అప్పుడు ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది.

2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో కొరియాకు చెందిన సెజున్ పార్క్ పచిరిసు అనే పోకెమాన్‌తో గెలిచాడని ఒక్క వాక్యంలో ముగించావు. నీ వ్యాసానికి అసలైన జంట కథ అదే. ఆ చిన్న ఉడుతను చాలామంది పట్టించుకోలేదు. ఒక్కో ఆటగాడు రెండేసి పోకెమాన్లను ఒకేసారి దించే ఆ పోటీలో అది ఫాలో మీ అనే మూవ్ వేసి దెబ్బలను తన మీదికి లాక్కునేది. వోల్ట్ అబ్జార్బ్ ఎబిలిటీ (సహజ శక్తి) వల్ల ఎలక్ట్రిక్ దెబ్బ దానికి తగలకపోగా హెచ్‌పీ (ప్రాణబలం) పెంచుతుంది. అతని టీమ్‌లో గ్యారడాస్ కూడా ఉంది. నీ మూడో టర్న్‌లో గ్యారడాస్‌ను పడగొట్టిన దెబ్బకు అక్కడ ముందే జవాబు సిద్ధంగా ఉందన్నమాట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టు.

మూడో టర్న్‌ను మళ్లీ రాసి పంపు. ఈసారి స్టార్మీ వైపు ఒక పేరా, గ్యారడాస్ వైపు ఒక పేరా రాయి. ఎవరు పడిపోయారన్నది రెండూ ముగిసే దాకా చెప్పకు.

ఆశీస్సులతో,
నీ అన్న