నవంబరులో ఒకవాంగో: మొకోరో పడవ ఎందుకు లేదంటున్నారంటే

బోట్స్వానాలోని ఒకవాంగోకి (నది పాయలుగా విడిపోయి పరుచుకునే చిత్తడి డెల్టా) నవంబరులో వెళ్తున్నామని, మొకోరో, అంటే గెడతో నడిపే పడవ, అప్పుడు ఉండదని సఫారీ క్యాంపు వాళ్లు చెప్పారని రాశారు. వాళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు. "నవంబరులో వానలు మొదలవుతాయి కదా, నీళ్లు లేకపోవడమేంటి" అని మీరన్నారు. ఒకవాంగోని నింపేది ప్రధానంగా బోట్స్వానా వాన కాదు, అంగోలా ఎత్తు ప్రాంతాల్లో పడే వాన. ఆ నీరు నెలల తరబడి మెల్లగా పాకుతూ డెల్టా దిగువ అంచునున్న మౌన్ పట్నం చేరేసరికి జూన్, జులై అవుతుంది. చుక్క వాన లేని అక్కడి చలికాలంలో వరదన్నమాట. నవంబరుకి అది చాలావరకు తీసేస్తుంది.

1. క్యాంపుకి మెయిల్ పెట్టండి: "మీరున్నది ఏడాది పొడవునా నీళ్లుండే చోటా, వరదొస్తేనే తడిసే చోటా?" చాలామంది వదిలేసేది ఇదే. బ్రోషర్లలో రెండిటికీ ఒకే ఫోటో: కలువల మధ్య సన్నటి పడవ, వెనక నిలబడి గెడ వేసే మనిషి. మీ తేదీలు చెప్పి, అప్పుడు మొకోరో నడుస్తుందో లేదో రాతలో తీసుకోండి. "సాధారణంగా ఉంటుంది" అంటే ఒప్పుకోవద్దు.

2. వరద మీద ఆధారపడే చోటైతే, ఒకట్రెండు రాత్రులు పైనున్న పాన్‌హ్యాండిల్ (నది పాయలుగా విడిపోకముందు సన్నగా పారే భాగం) వైపు, సెరొంగా ఊరి దగ్గరికి మార్చుకోండి. అక్కడ నది ఎండదు.

3. అదీ కుదరకపోతే బోట్స్వానా ఉత్తరాన కసానే పట్నంలో చోబే నది. మొకోరో కాదు, మోటారు బోటు. కానీ వానలు గట్టిగా పట్టేదాకా ఏనుగులు నీళ్లకి ఆ ఒడ్డుకే దిగుతాయి. నన్నడిగితే ఇదే నయం.

జీపు సఫారీ మాత్రం క్యాన్సిల్ చేయకండి. నీరు తీసిన మైదానాల్లో బండి తిరిగే చోటు పెరుగుతుంది.