ఇంటికీ ఊరికీ ఒకటే పియానో
మియాపూర్‌లో చిన్న ఫ్లాట్, పాపకు పియానో క్లాసులు, సెలవులకు కారులో ఖమ్మం, అక్కడేమో కరెంటు కోతలు. ఇదే కదండీ మీ సమస్య?

61 కీల చిన్న కీబోర్డుల జోలికి వెళ్లకండి. రోలాండ్ గో పియానో 3.9 కిలోలే, చంకన పెట్టుకుని పోవచ్చు. కానీ హ్యామర్ కీలు, అంటే అసలు పియానోలా నొక్కితే బరువుగా తగిలే కీలు కావు. తేలిక కీలకు అలవాటైన వేళ్లు అసలు పియానో ముందు తేలిపోతాయి. మా వాడికి మొదట అలాంటి చిన్న కీబోర్డే కొని, ఏడాదికే మళ్లీ డబ్బు పెట్టాను.

కాసియో సీడీపీ-ఎస్110 డిజిటల్ పియానో చూడండి. 88 హ్యామర్ కీలు, 10.5 కిలోలు. వెడల్పు 23 సెంటీమీటర్లే కాబట్టి బీరువా పక్క సందులో నిలబెట్టొచ్చు. ఆరు డబుల్ ఏ బ్యాటరీలతోనూ మోగుతుంది. యమహా పీ-145 కూడా మంచిదే గానీ బ్యాటరీ సౌకర్యం లేదు, మీకు అక్కడే చిక్కు.

పొడవు మాత్రం 132 సెంటీమీటర్లు. బ్యాగు మందం కూడా కలుపుకుని వెనక సీటు టేపుతో కొలవండి. మా చిన్న కారులో తలుపు పడక, ముందు సీటు వంచి ఏటవాలుగా పెట్టాల్సి వచ్చింది, మా ఆవిడ గొణుగుడు ఖమ్మం దాకా! అన్నట్టు, ఇలాంటి పియానోలకు కాలితో నొక్కే చిన్న పెడల్స్ నున్నటి టైల్స్ మీద జారుతుంటాయి. కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి.