శాస్త్రీయ వయొలిన్ నేర్చి డాన్స్ బ్యాండ్ నడిపిన జేవియర్ కుగాట్ చదువు వృథా అయినట్టేనా?

అమెరికాలో క్యూబా తరహా డాన్స్ బ్యాండ్ నడిపిన కుగాట్ గురించి అడుగుతూ, మీకూ తాళం తెలుసని చెప్పి, అంత శిక్షణ ఉన్నవాడు హోటల్లో డాన్సులకు వాయించుకుంటూ బతకడం బాధగా అనిపించిందన్నారు మీరు. ఇలాంటి మాట నేనూ పడ్డాను. తొమ్మిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, పన్నెండేళ్లుగా పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటల ఆర్కెస్ట్రాకు వాయిస్తున్నాను. నా దృష్టిలో ఆయన చదువు ఒక్క రోజు కూడా వృథా కాలేదు.

కుగాట్ 1900 జనవరి 1న స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, జిరోనాలో పుట్టాడు. ఊహ తెలిసే వయసుకే ఇంటిల్లిపాదీ క్యూబాకు వెళ్లిపోయారు. హవానాలో వయొలిన్ నేర్చి, అక్కడి థియేటర్ ఆర్కెస్ట్రాలో వాయించి, ఆపైన అమెరికా చేరాడు. సోలో వయొలిన్‌తో నిలదొక్కుకోలేక కొంతకాలం లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికకు కార్టూన్లు గీశాడు. బొమ్మలు గీయడం చివరిదాకా మానలేదు. 1930లలో న్యూయార్క్ వాల్డోర్ఫ్ ఆస్టోరియా హోటల్లో ఆయన బ్యాండ్ కుదురుకుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంది. 1934 చివర్లో మొదలైన ఓ రేడియో డాన్స్ కార్యక్రమంలో బెన్నీ గుడ్‌మన్ స్వింగ్ (జాజ్ డాన్స్ సంగీతం) బ్యాండ్‌తో పాటు ఈయన రుంబాలు, అంటే క్యూబా డాన్స్ పాటలు కూడా అమెరికా ఇళ్లలోకి వెళ్లాయి.

ఇక అసలు సంగతి. ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలో నాకు ఒళ్లే సహకరించలేదు. మనం నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి చీలమండకు ఆనిస్తాం. ఎడమచెయ్యి గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, స్వేచ్ఛగా జారుతుంది. నిలబడి గడ్డం కింద పెట్టుకునేసరికి ఆ చెయ్యి బరువు మొయ్యాలో స్వరం పట్టాలో తేల్చుకోలేకపోయింది. తర్వాత లయ. క్యూబా పాటల్లో రెండు కర్రముక్కలతో కొట్టే క్లావే అనే దరువు ఉంటుంది. దాని మొదటి సగాన్ని మా కీబోర్డు అన్నయ్య ఎంత చెప్పినా పట్టుకోలేకపోయాను. ఓ రోజు "తకిట తకిట తక" అని నోటితో అనుకుంటూ, ఒక్కో ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టాను. మూడూ మూడూ రెండూ, ఎనిమిది. సరిగ్గా అదే! రెండో సగంలో రెండు దెబ్బలే. గురువుగారి దగ్గర వేళ్లు లెక్కపెట్టుకుంటూ నేర్చిన చదువే ఆ రోజు నన్ను గట్టెక్కించింది.

కుగాట్‌ని సినిమాల్లో చూసినప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. 1942 నాటి 'యూ వర్ నెవర్ లవ్లియర్'లో ఫ్రెడ్ అస్టేర్, రీటా హేవర్త్‌లతో పాటు తన పేరుతోనే కనిపిస్తాడు. బ్యాండ్‌ను నడిపించడానికి ఆయన చేతిలో ఉండేది వయొలిన్ కమానే. వాయిద్యాన్ని వదిలేసినవాడు కమాను పట్టుకుని తిరగడు కదా.

ఆయన మీద ఉన్న విమర్శను కాదనను. క్యూబా డోళ్ల పదును తగ్గించి, హోటల్ అతిథుల కాళ్లకు తేలిగ్గా అందేలా మెత్తబరిచాడు. హవానా వీధి సంగీతం విన్నవాళ్లకు అది చప్పగానే ఉంటుంది. అయితే హవానా నుంచి 1940లో వచ్చిన మిగెలీతో వాల్దేస్ లాంటి గొప్ప గాయకుడికి న్యూయార్క్‌లో చోటిచ్చింది ఈ బ్యాండే. తర్వాత టీవీలో వెలిగిన దేసీ అర్నాజ్ కూడా ఇక్కడ పనిచేసినవాడే.

1971లో పక్షవాతం వచ్చాక సంగీతం నుంచి తప్పుకుని స్పెయిన్ వెళ్లిపోయాడు. 1990 అక్టోబరులో బార్సెలోనాలో కన్నుమూశాడు. పుట్టిన జిరోనాలోనే ఖననం చేశారు.

ఆయన ఏం చేశాడో తెలియాలంటే 1940లో హిట్టయిన 'పెర్ఫీడియా' రికార్డు వినండి. మెక్సికో స్వరకర్త అల్బెర్తో దొమింగెస్ బాణీ అది. మొదటిసారి బాణీ కోసం వినండి, రెండోసారి అడుగున నడిచే దరువు కోసం. మీకూ తాళం తెలుసంటున్నారు కాబట్టి రెండోసారి చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది.