డాక్టర్ సలహా: జపమాల తప్పకుండా చెబుతున్నారు, మరి ఇది మతిమరుపేనా?

ప్రశ్న: మాది ఫిరంగిపురం, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం. మా అత్తయ్యకు 72 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, గుండె డాక్టర్ రాసిన ఆస్పిరిన్ వేసుకుంటారు. రెండేళ్లుగా మతిమరుపు. గుడిలో ఫాదర్ గారిచ్చే సత్ప్రసాదం (పవిత్రమైన అప్పం) తీసుకుని మళ్లీ వరుసలో నిలబడతారు. తెల్లారకముందే పూజకు టైమైందని బయలుదేరతారు. గొలుసు నేనే తీశానని చుట్టుపక్కల వాళ్లకు చెబుతున్నారు. మొన్న కోపం ఆపుకోలేక గట్టిగా అరిచేశాను, తర్వాత నేనే ఏడ్చాను. శుక్రవారం ఒంటిపొద్దు మానమంటే వినరు. జపమాల మాత్రం ఒక్క ముక్క తప్పరు. ఈ స్థితిలో సత్ప్రసాదం ఇప్పించవచ్చా? అభ్యంగనం (జబ్బుపడినవాళ్లకు ఫాదర్ గారు నూనె పూసి చేసే ప్రార్థన) ఇప్పిస్తే భయపడతారా? గుణదల మరియమాత గుడికి తీసుకెళ్తే తగ్గుతుందని ఆడపడుచు అంటోంది. నెల క్రితం బాత్రూంలో జారిపడ్డారు, పెద్ద దెబ్బేమీ తగల్లేదు. రాత్రి నిద్రపోవడం లేదని మెడికల్ షాపులో అడిగి మాత్ర ఇస్తున్నాం. మూడు వారాలుగా మగతగా ఉంటున్నారు, ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నారు.
– ఒక కోడలు

జవాబు: మీ ఉత్తరం చాలావరకు సత్ప్రసాదం గురించి, గుణదల గురించి. నా కన్ను మాత్రం చివరి మూడు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. అమ్మా, వాటిని మీరు మొదట రాయాల్సింది.

రెండేళ్లుగా మెల్లగా పెరుగుతున్న మతిమరుపు మూడు వారాల్లో ఒక్కసారిగా ముదరదు. అలా ముదిరిందంటే పైనుంచి ఇంకేదో వచ్చి కలిసిందని అనుమానించాలి. ఈ వయసులో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దాని మీది సన్నటి సిరలు బిగదీసినట్టు ఉంటాయి. పెద్ద దెబ్బ అక్కర్లేదు, తల గోడకు తగిలినా చాలు, ఒకటి తెగి పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంది. ఆస్పిరిన్ వాడేవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. పడిన రోజు ఏమీ కనపడదు. వారాలు గడిచాక మగత, తడబాటు, ఒకవైపు కాలో చెయ్యో బలహీనపడటం మొదలవుతాయి. అదేనని చూడకుండా నేను చెప్పలేను. పక్షవాతం కావచ్చు, మాత్ర వల్ల కావచ్చు. కానీ తేల్చుకోవాల్సింది ఈ జవాబు చదివిన రోజే. తలకు మామూలు సీటీ స్కాన్ నిమిషాల పని. గుంటూరు మీకు దగ్గరే, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ సీటీ ఉంది. రక్తం చేరిందని తేలితే అవసరాన్ని బట్టి చిన్న రంధ్రం చేసి తీసేస్తారు, చాలామంది కోలుకుంటారు. వాంతులు, ఫిట్స్, లేపినా లేవకపోవడం ఉంటే బస్సు కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపేయకండి. ఆపాలా వద్దా అన్నది స్కాన్ చూసిన డాక్టరు చెప్పాలి.

ఇక ఆ నిద్రమాత్ర. పేరు కూడా రాయలేదు మీరు. మా ఓపీలో రోజూ ఇదే కథ. స్ట్రిప్పు ఏదమ్మా అంటే, తెల్లగా చిన్నగా ఉంటుందండీ అంటారు. ఆల్ప్రాజోలం లాంటిదైతే అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. షాపతనికి ఆమె వయసు చెప్పారా? పడ్డారని చెప్పారా? మతిమరుపు ఉన్నవాళ్లలో ఈ మాత్రలు ఉన్న కాస్త తెలివినీ మసకబారుస్తాయి, కాళ్లు తూలేలా చేస్తాయి, రాత్రి లేచినప్పుడు మళ్లీ పడేస్తాయి. జలుబు మాత్రలూ తక్కువేం కాదు, వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా పెద్దవాళ్లను అయోమయంలో పడేస్తుంది. అలాగని మూడు వారాలు రోజూ వేసిన నిద్రమాత్రను ఒక్క రోజులో మానేయడమూ మంచిది కాదు. స్ట్రిప్పు పట్టుకెళ్లి డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు తగ్గించండి. ఒకవేళ ఇంకెవరైనా ఇదే పనిలో ఉండి ఇది చదువుతుంటే, ఈ పేరా మీక్కూడా.

ఒంటిపొద్దు సంగతి. కడుపు ఖాళీగా ఉండి షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటే, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, షుగర్ పడిపోయి మనిషి మతి చలించినట్టు ప్రవర్తిస్తారు. శుక్రవారాలు ఆమె ఎక్కువ గందరగోళంగా ఉంటున్నారేమో గుర్తు తెచ్చుకోండి. మీ తిరుసభ (కాథలిక్ సంఘం) చట్టంలోనే ఉపవాస నియమం అరవయ్యో ఏడు మొదలయ్యేవరకే. జబ్బు ఉన్నవాళ్లకు ఎలాగూ మినహాయింపు ఉంటుంది. నా మాట వినకపోతే ఫాదర్ గారి చేత చెప్పించండి. నా చీటీ కంటే ఆయన మాట బాగా పనిచేసిన ఇళ్లు నాకు తెలుసు.

స్కాన్‌తో పాటు బీ12, థైరాయిడ్, సోడియం, మూత్ర పరీక్ష చేయించమని అడగండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. చెవులు సరిగా వినపడకపోయినా మతిమరుపులాగే కనపడుతుంది.

జపమాల తప్పకుండా చెబుతున్నారు కదా, మరి మతిమరుపు ఎందుకవుతుందన్న ఆశ మీ ఉత్తరంలో కనపడింది. ఈ ఆశతోనే చాలా ఇళ్లలో ఏడాది, రెండేళ్లు గడిపేస్తారు. ఒక పెద్దావిడ మా గదిలో కొడుకు పేరు చెప్పలేకపోయారు, తేదీ చెప్పలేదు. కోడలు ఆవిడ చేతిలో జపమాల పెట్టి ‘దేవ వరప్రసాదము చేత’ అని అందించగానే మిగతాది ఆవిడే పూర్తి చేశారు. పది పూసలయ్యాక బొటనవేలు పెద్ద పూస దగ్గర ఆగింది, పరలోక జపం అందుకున్నారు. పక్కనున్న జూనియర్ డాక్టర్, మెమరీ బాగానే ఉంది సార్ అన్నాడు. బాగా లేదు. చిన్నప్పుడు నోటికి పట్టినవి, వేలికి అలవాటైనవి చివరిదాకా నిలుస్తాయి. నిన్న పొద్దున జరిగింది నిలవదు. రెండూ ఒకే తలలో ఉంటాయి.

ఆ నిలిచినదాన్ని వాడుకోండి. పొద్దుగూకే వేళ ఇలాంటివాళ్లకు కంగారు పెరుగుతుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, అదే కుర్చీలో, అదే టైముకి ఇంటిల్లిపాదీ జపమాల చెప్పండి. ఆమె మధ్యలో ఆగితే అందించండి, తప్పు దిద్దకండి. మరియమాత పటం ముందు మాత్రం కొవ్వొత్తి వద్దు, చిన్న బల్బు పెట్టండి. చీర కొంగు కాలి వచ్చినవాళ్లను చూశాను.

సత్ప్రసాదం ఇప్పించవచ్చా అన్నది ఫాదర్ గారు చెప్పాల్సిన సంగతి. నా దగ్గరికి వచ్చే ఒక ఫాదర్‌ని అడిగితే, మరిచిపోయి మళ్లీ వరుసలో నిలబడితే పాపం ఏముంటుందండీ అని నవ్వారు. సత్ప్రసాదానికి ముందు గంట సేపు ఏమీ తినకూడదన్న నియమం వృద్ధులకు, రోగులకు, వాళ్లను చూసుకునేవాళ్లకు లేదట. అంటే మీకూ లేదు. నా భయం గొంతు గురించి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముక్క ఇప్పించి, చెంచా నీళ్లు పట్టండి. నీళ్లు తాగుతుంటే పొలమారుతోందంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అభ్యంగనం చావుబతుకుల్లో ఉన్నవాళ్లకే అనే అపోహ ఇంకా పోలేదు. ముసలితనం వల్ల, జబ్బు వల్ల ప్రమాదంలో ఉన్న ఎవరికైనా ఇవ్వవచ్చని, మళ్లీ కూడా ఇవ్వవచ్చని ఆయనే చెప్పారు. ఆవిడకు అర్థమవుతున్న రోజుల్లోనే ఇప్పిస్తే భయం తక్కువని నా అభిప్రాయం.

గుణదల వెళ్లండి, స్కాన్ అయ్యాక. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లలో మాత్రం వద్దు, ఆ జనంలో చెయ్యి జారితే వెతకలేరు. మామూలు రోజున వెళ్లి, మెట్లెక్కించకుండా కిందే ప్రార్థన చేయించి తీసుకురండి. ఈ సలహా ఇచ్చిన ఆడపడుచుని వారానికి రెండు రాత్రులు ఆవిడ పక్కన పడుకోమనండి. తల్లికి అంతకన్నా పెద్ద మొక్కుబడి నాకు తోచడం లేదు.

తెల్లవారుజామున బయలుదేరేవాళ్లకు తలుపు గడియ ఎత్తులో పెట్టించండి, లోపల ఒంటరిగా పెట్టి తాళం మాత్రం వేయొద్దు. మెడలోని ఉత్తరీయం (భక్తితో వేసుకునే గుడ్డ బిళ్లల దండ) దారానికి ఫోన్ నంబరున్న చిన్న బిళ్ల కుట్టండి. గుడిలో బోధించే ఉపదేశి గారికి, గుడి తలుపు తీసేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మరియదళం (మరియమాత భక్తుల సంఘం) వాళ్లు మీ విచారణలో (మీ ఫాదర్ గారి పరిధిలో) ఉంటే మొహమాటం లేకుండా అడగండి, ఆదివారం ఒక గంట ఒకరు ఆవిడ దగ్గర కూర్చుంటే మీరు ప్రశాంతంగా పూజ చూస్తారు. గొలుసు గురించి వాదించకండి, వెతుకుదాం పదండి అనండి. అది ఆమె దుర్బుద్ధి కాదు, జబ్బు మాట.

మీరు అరిచినదానికి పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోవడం) అక్కర ఉందో లేదో ఫాదర్ గారు చెబుతారు. నాకైతే నిద్ర లేని మనిషి కనపడుతోంది. మీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416, పెద్దవాళ్ల సాయానికి ఎల్డర్‌లైన్ 14567, రెండూ ఉచితమే.

మనిషిని చూడకుండా రాసిన జవాబు ఇది, వైద్యం కాదు. ముందు సీటీ. రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, ఈసారి మాత్ర పేరు కూడా రాయండి.