మళ్లీ కలిసిన బ్యాండ్ 22 ఏళ్లకు తెచ్చిన ఆల్బమ్ వినాలా? మా నాయన విన్నాడు

అడిగిన ప్రశ్న ఇది: "స్లోడైవ్ లాంటి షూగేజ్ బ్యాండ్లు ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ కలిసి ఆల్బమ్ చేయడమంటే పాత పేరు అమ్ముకోవడమే కదా? వినడం దండగ కాదా?"

షూగేజ్ అంటే గొంతును గిటార్ల మోతలో ముంచేసే ఒక రకం రాక్ సంగీతం, స్లోడైవ్ ఆ తరహా ఇంగ్లండ్ బ్యాండు. ఇక ప్రశ్నకొస్తే, ఇలా మళ్లీ కలిసి చేసిన ఆల్బమ్‌లు పదింట్లో ఎనిమిది దండగే. లెక్క ఎక్కడిదని అడక్కండి, పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా, నా చెవుల మీద నాకు నమ్మకం. శనివారం రాత్రి ఇందిరానగర్‌లో ఏ పబ్బుకైనా వెళ్లండి. స్టేజీ మీద అవే పాత ఇంగ్లిష్ పాటలు, అదే సోలో, అదే తల ఊపుడు. ఎవరో చచ్చిపోయిన చుట్టాల ఫొటోకి దండ మార్చినట్టు ఉంటుంది. చాలా బ్యాండ్లు మళ్లీ కలిసి తమ ఫొటోకి తామే దండ వేసుకుంటాయి.

స్లోడైవ్ 2017లో తెచ్చిన ఆల్బమ్ మాత్రం మిగిలిన రెండింట్లోది. ఎందుకో చెప్పాలంటే బెంగళూరులో ట్రాఫిక్ జామ్‌లకి పేరుమోసిన సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గరికి వెళ్లాలి.

ఆ ఏడు వానాకాలంలో మా నాయన కంటి పరీక్షకని హిందూపురం నుంచి రైల్లో వచ్చాడు. మెజెస్టిక్‌లో దింపుకొని క్యాబ్‌లో బెళ్లందూరు బయల్దేరాం. సిల్క్ బోర్డ్ దాకా ఎలాగో వచ్చాం. అక్కడ వాన, నీళ్లు, ముందు ఒక బీఎంటీసీ బస్సు, దాని వెనక ఎర్ర లైటు. ఆ లైటు తప్ప ఏమీ కదల్లేదు, అదీ వైపర్ వల్ల కదిలినట్టు అనిపించడమే. ఈ జంక్షన్ గురించి విడిగా ఒక జవాబు రాయాలి, బీపీ పెరుగుతుంది కాబట్టి వద్దు. డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. నా ఇయర్‌ఫోన్స్‌లో ఆ ఆల్బమ్ మొదలైంది. నాయన కాసేపు నన్ను చూసి, "ఏందిరా అంత ముంగి మాదిరి వింటా ఉండావు?" అని ఒకటి లాక్కొని చెవిలో పెట్టుకున్నాడు.

మా నాయన ఊళ్లో రామ భజన గుంపులో హార్మోనియం వాయిస్తాడు. ఆయనకి రాక్ అంటే రాయి.

మొదటి పాట 'స్లోమో'. గొంతు రావడానికి చాలా సేపు పడుతుంది, వచ్చాక కూడా గిటార్ల పొగలో ఎక్కడో ఉంటుంది. నాయన అన్న మొదటి మాట: "ఎకో ఎవురురా పెట్టింది? మన మైక్‌సెట్టోడి మాదిరి ఉండాడే."

నవ్వాను గానీ, షూగేజ్ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే అదే సరైన మాట. గిటార్ శబ్దాన్ని పెడళ్ల మీదుగా పంపి, ఎకో మీద ఎకో పేర్చి, గొంతును కూడా అందులోనే కలిపేస్తారు. కాళ్ల దగ్గరి ఆ పెడళ్లు తొక్కుతూ తల వంచుకొని వాయిస్తుంటే, బూట్లు చూసుకుంటున్నారని ఇంగ్లండ్ పత్రికలవాళ్లు వెక్కిరించి పెట్టిన పేరది. మన సినిమా పాటల్లో గొంతు పెళ్లికొడుకులా ముందుంటుంది, మిగతా వాయిద్యాలన్నీ వెనక నడిచే బంధువులు. అందుకే నా రూమ్మేట్ ఎప్పుడు విన్నా "సౌండ్ పోయింది మామా, హెడ్‌ఫోన్స్ మార్చు" అంటాడు. మూడు వేలు పెట్టి మార్చాను కూడా. గొంతు ఇంకా అక్కడే ఉంది.

ఆ వెక్కిరింపులే ఈ బ్యాండుకి చుట్టుకున్నాయి. 1989లో రెడింగ్ అనే ఊళ్లో మొదలుపెట్టిన ఈ కుర్రాళ్లను, 1995లో మూడో ఆల్బమ్ 'పిగ్మేలియన్' వచ్చీ రాగానే రికార్డు కంపెనీ వదిలించుకుంది. బ్యాండ్ ఆగిపోయింది. అందులో పాడే నీల్ హాల్‌స్టెడ్, రేచల్ గాస్వెల్ మొజావె 3 అనే ఇంకో బ్యాండ్ పేరుతో మెత్తటి పాటలు పాడుకున్నారు. 2014లో మళ్లీ కలిశారు. ఆల్బమ్ కోసం తొందరపడలేదు, ముందు ఊరూరా తిరిగి వాయించారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తమ పాత అడ్డా కోర్ట్‌యార్డ్ స్టూడియోకే వెళ్లి రికార్డు చేశారు. 2017 మే 5న వచ్చింది, 8 పాటలు, పేరు కూడా ఒట్టి 'స్లోడైవ్'.

ఇదంతా క్యాబ్‌లో నాయనకి చెప్పాను. "గుడి లెక్కల కాడ తగువా?" అన్నాడు. కాదు, అన్నాను. ఆయన నమ్మలేదు. ఎందుకంటే మా ఊరి భజన గుంపు విడిపోయింది శ్రీరామనవమి చందా లెక్కల దగ్గరే. ఏడేళ్లు రెండు గుంపులు. ఒకళ్లు గుళ్లో పాడితే ఇంకొకళ్లు రచ్చకట్ట మీద. తబలా మామ చెయ్యి పడిపోయాక అందరూ చూడ్డానికి వెళ్లి, ఆ మంచం పక్కనే మళ్లీ కలిశారు.

"కలిసినాక ఎట్ల పాడినారు నాయనా?"

"శ్రుతి ఒకటి దించుకున్న్యాం. ముందటి ఎత్తుకు పోతే గొంతు యాడ లేస్తాది? వయసుకు తగినట్ల పాడినాం. బాగానే ఉండె."

నేను చెప్పదలచుకున్నది ఆ మాటే. కుర్రతనంలో స్లోడైవ్ చేసిన పాటల్లో పొగ ఎక్కువ. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ తేటగా వినిపిస్తాయి, బేస్ ఒక దారి పట్టుకొని నడుస్తుంది, 'షుగర్ ఫర్ ద పిల్'లో అయితే గొంతు దాదాపు చేతికి అందుతుంది. ఇరవయ్యేళ్ల వయసు తిరిగొచ్చినట్టు నటించలేదు. 'స్టార్ రోవింగ్' ఒక్కటే ఉరుకులు పెడుతుంది, ఒక్క పాటకి ఫరవాలేదు.

చివరి పాట 'ఫాలింగ్ యాషెస్' వచ్చేసరికి మేము బస్సు వెనకే ఉన్నాం. మొత్తం ఆల్బమ్ 46 నిమిషాలు, మేము కదిలింది ఒక టీ కొట్టు దూరం. ఆ పాటలో పియానో మీద అవే కొన్ని స్వరాలు దాదాపు ఎనిమిది నిమిషాలు తిరుగుతాయి. నీల్, రేచల్ ఇద్దరూ ఒకే ముక్కని మళ్లీ మళ్లీ అంటారు. నాయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నా.

"ఇది భజనే కదరా," అన్నాడు.

మీ ప్రశ్నకి జవాబు: వినండి. 'షుగర్ ఫర్ ద పిల్'తో మొదలుపెట్టండి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, మిక్సీ తిరిగినట్టుంటుంది. 2023లో ఇంకో ఆల్బమ్ కూడా తెచ్చారు. అది రేచల్ వాళ్లమ్మకీ, డ్రమ్మర్ సైమన్ స్కాట్ వాళ్ల నాన్నకీ అంకితం, ఇద్దరూ 2020లో పోయారు. అది నేను ఊళ్లోనే విన్నాను, ఒక్కణ్ణే, మేడ మీద. కింద గుళ్లో నాయన వాళ్లు మొదలుపెట్టేశారు. మైక్‌సెట్టోడు ఎకో ఎప్పటిలాగే పూర్తిగా తిప్పి పెట్టాడు. ఒక్క మాట అర్థం కాలేదు.