టెక్ సందేహాలు: మౌస్ పిల్లల చేతికివ్వండి

జూన్ వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. ఫోన్ వేడెక్కుతోంది, వైఫై అందడం లేదు లాంటివి తగ్గి, బడి గురించీ పిల్లల చదువు గురించీ అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఈసారి అవే తీసుకున్నాను. చదువుకు సంబంధించిన ఏ సాఫ్ట్‌వేర్ గురించి అడిగినా నేను ముందు చూసేది ఒక్కటే: దాని ముందు కూర్చున్న పిల్ల ఏదైనా చేస్తోందా, ఊరికే చూస్తోందా అని.

మల్కాజిగిరిలో ఒక చిన్న ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా ల్యాబ్‌లో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్‌లు 12 ఉన్నాయి. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఇప్పటిదాకా పిల్లలకు పెయింట్, వర్డ్ తప్ప ఏమీ చూపించలేదు. లెక్కలకు, సైన్సుకు వీటిని వాడుకోవచ్చా? కొత్తగా డబ్బు పెట్టే పరిస్థితి లేదు.

తప్పకుండా వాడుకోవచ్చు మేడమ్. మీకు రెండే రెండు చాలు, రెండూ ఉచితం, రెండూ నెట్ లేకుండా నడుస్తాయి.

మొదటిది జియోజీబ్రా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001 ప్రాంతంలో మొదలుపెట్టిన లెక్కల సాఫ్ట్‌వేర్ ఇది. పాత సిస్టమ్‌లకు 'జియోజీబ్రా క్లాసిక్ 5' తేలిగ్గా ఉంటుంది. నెట్ ఉన్నచోట ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అన్నిటిలో ఇన్‌స్టాల్ చేసుకోండి.

తొమ్మిదో తరగతి వృత్తాల పాఠంతో మొదలుపెట్టండి. 'సెమీసర్కిల్' టూల్ తీసుకుని రెండు చోట్ల క్లిక్ చేస్తే ఏ, బీ బిందువుల మధ్య అర్ధవృత్తం వస్తుంది. దాని మీద సీ అనే బిందువు పెట్టించండి. 'యాంగిల్' టూల్‌తో ఏ, సీ, బీ వరసగా నొక్కితే కోణం కొలత కనిపిస్తుంది. ఇక్కడ బీ, సీ, ఏ అని తిరగేసి నొక్కిన పిల్లలకు 90 బదులు 270 వస్తుంది, కంగారు పడకండి. జియోజీబ్రా కోణాన్ని గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా కొలుస్తుంది కాబట్టి బిందువులను వెనక నుంచి నొక్కితే 90 వచ్చేస్తుంది. నన్నడిగితే ఈ 270 కూడా మంచి పాఠమే, ఎందుకొచ్చిందో పిల్లలనే ఆలోచించనివ్వండి. ఆ తర్వాత సీని పట్టుకుని అర్ధవృత్తం మీద అటూ ఇటూ లాగమనండి. ఎంత లాగినా కోణం 90 దగ్గరే నిలబడుతుంది. ఇప్పుడు డీ అనే ఇంకో బిందువును అర్ధవృత్తం లోపల పెట్టించి అదే కోణం కొలిపించండి, 90 దాటుతుంది. బయటికి లాగితే తగ్గుతుంది. లాగే ముందు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రాయాలి. ఆ ఊహ రాయించకపోతే ఇదంతా పది నిమిషాల ఆటగానే మిగులుతుంది. రుజువు బోర్డు మీద మీరు చెప్పాల్సిందే, కాకపోతే అప్పటికి అది దేనికి రుజువో పిల్లలకు తెలిసి ఉంటుంది.

రెండోది ఫెట్. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన సైన్స్ ప్రయోగాల సైట్. ఇందులోని కొత్త రకం ప్రయోగాల్లో ఒక్కొక్కటీ ఒక్కో ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతుంది. డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, నెట్ అక్కర్లేదు. తెలుగులోకి అనువదించినవీ ఉన్నాయి. మీ ఫిజికల్ సైన్స్ టీచర్‌కు విద్యుత్ వలయాల ప్రయోగం చూపించండి. రెండు బల్బులను శ్రేణిలో కలిపితే రెండూ మసగ్గా వెలుగుతాయి, ఒకటి తీసేస్తే రెండోదీ ఆరిపోతుంది. సమాంతరంగా కలిపితే ఒకటి తీసేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. 'మరి మన ఇంట్లో బాత్రూమ్ లైటు ఆపితే వంటింట్లో లైటు ఎందుకు ఆరిపోవడం లేదు?' అని అక్కడే అడగాలి. వైర్లు షార్ట్ చేస్తే తెరమీద మంట కూడా వస్తుంది, పిల్లలు కావాలనే చేస్తారు, చెయ్యనివ్వండి. ఆ మర్నాడు నిజం బ్యాటరీలు, టార్చి బల్బులతో అదే పని చేయించండి. కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామాను చవగ్గానే దొరుకుతుంది. తెరమీద చేసింది చేత్తో చేస్తేనే అది సైన్సు అవుతుందని నా గట్టి నమ్మకం.

ఒక సిస్టమ్‌కు ముగ్గురు కూర్చుంటారు కదా, పదేసి నిమిషాలకు మౌస్ చేతులు మారేలా చూడండి. లేకపోతే చురుకైన ఒక్కడే పీరియడ్ అంతా నడిపిస్తాడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తుంటారు.

ఇక విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నెట్‌కు కలపకుండా ఈ రెండూ నడుపుకోవచ్చు కానీ పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ వస్తుంది, కాబట్టి ల్యాబ్‌కంటూ ఒకే పెన్‌డ్రైవ్ ఉంచుకోండి. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత మెషీన్లు విండోస్ 11కు పనికిరావు. వాటిలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు, జియోజీబ్రా, ఫెట్ రెండూ అందులో నడుస్తాయి. ముందు ఒక్క సిస్టమ్‌లో వేసి నెల రోజులు చూడండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ చాలా ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తోంది, వాళ్లను సంప్రదిస్తే దారి చూపిస్తారు. ఎప్పుడైనా కాస్త డబ్బు సమకూరితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత హార్డ్‌డిస్కుల బదులు వాటికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు వేయించండి. మెషీన్ తెరుచుకోవడానికి పట్టే టైమ్ బాగా తగ్గుతుంది, మీకు పీరియడ్ మిగులుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. ఒక కంపెనీ వాళ్లు ఇంటికొచ్చి మా ఆరో తరగతి బాబుకు ఏదో టెస్ట్ పెట్టారు. 'బేసిక్స్ వీక్' అని చెప్పి, ట్యాబ్‌తో కలిపి మూడేళ్ల కోర్సు ఈఎంఐ మీద తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా?

వద్దమ్మా. అమ్మడానికి వచ్చినవాళ్లు పెట్టే టెస్ట్‌ను పట్టుకుని బాబు చదువు గురించి టెన్షన్ పడకండి. క్లాస్ టీచర్‌ను అడగండి.

ఈఎంఐ అంటే మీరు కోర్సు ఫీజు వాయిదాల్లో కడుతున్నారని కాదు. చాలాసార్లు అది మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. బాబు రెండో నెలలో ట్యాబ్ పక్కన పడేసినా కంతులు కడుతూనే ఉండాలి, కట్టకపోతే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది. ఇలాంటి ఫిర్యాదుల వల్లే 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది, ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని అందులో ప్రత్యేకంగా చెప్పింది. ఓటీపీ అడిగితే దేనికో చదవకుండా చెప్పకండి.

మీ బాబు పాఠ్యపుస్తకాల్లో పాఠాల దగ్గర క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి, చూశారో లేదో. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. టీ-శాట్ విద్య పాఠాలు కూడా టీవీలో, యాప్‌లో, యూట్యూబ్‌లో ఉచితమే. నెల రోజులు ఇవి వాడి చూడండి. వీటికి రోజూ అరగంట కూర్చోని పిల్లాడు వేలు పోసి కొన్నదానికీ కూర్చోడు.

ఎల్‌కేజీ పాపకు ఏ యాప్ మంచిది? (ఉప్పల్ నుంచి)

ఈ వయసుకు యాప్ అవసరం లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కావాలంటే, ఇంట్లో కంప్యూటర్ ఉంటే, చిన్నపిల్లలు ఆడుతూ నేర్చుకునే జీకాంప్రీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితం, ప్రకటనలు ఉండవు. పాప పక్కన మీరు కూర్చోవాలి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. హోంవర్క్ అంతా చాట్‌జీపీటీని అడిగి రాసేస్తోంది. ఫోన్ లాక్కుంటే ఏడుస్తోంది. ఎలా ఆపాలి? (కూకట్‌పల్లి నుంచి)

పూర్తిగా ఆపలేరు, ఆపాల్సిన పని కూడా లేదు. అడిగే పద్ధతి మార్పించండి.

ఉదాహరణకు ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్‌ను విస్తరించమన్నారు అనుకుందాం. ఆమె ముందు నోట్‌బుక్‌లో తనే చెయ్యాలి. చాలామంది పిల్లల్లాగే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాసింది. ఇప్పుడు ఆ లైన్ టైప్ చేసి, 'నేనిలా చేశాను. జవాబు చెప్పకు. తప్పెక్కడుందో చిన్న సూచన మాత్రం ఇవ్వు' అని అడగాలి. అప్పుడు అది బ్రాకెట్‌ను రెండుసార్లు పక్కపక్కన రాసి గుణించి చూడమంటుంది. మధ్యలో రావాల్సిన 6 ఎక్స్ ఎలా జారిపోయిందో పిల్లకు తనంతట తనకే తెలుస్తుంది. ఈ రకంగా ప్రశ్నలు అడుగుతూ నేర్పే 'స్టడీ మోడ్' 2025 జులై నుంచి చాట్‌జీపీటీలోనే ఉంది, అది ఆన్ చేసి ఇవ్వండి. అయితే దాన్ని ఆఫ్ చెయ్యడం ఒక్క క్లిక్ పని, కాబట్టి అదే కాపలా కాస్తుందని వదిలేయొద్దు. 18 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల అనుమతితోనే వాడాలని ఆ కంపెనీ నిబంధనల్లోనే ఉంది, ఆ మాట అమ్మాయికి చెప్పండి. చాట్‌బాట్ తప్పులు కూడా ధీమాగా చెబుతుందని, ముఖ్యంగా సోషల్ సంవత్సరాలు పుస్తకంలో సరిచూసుకోవాలని చెప్పండి.

రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ మూసేసి ఆ రోజు చేసిన లెక్కల్లో ఒకటి మీకు వివరించమనండి. మీకు ఆ లెక్క రాకపోయినా ఫర్వాలేదు, తనే చేసిందో లేదో ఆ చెప్పడంలోనే తెలిసిపోతుంది.

మా వాడు ఎప్‌సెట్‌కు మొబైల్లోనే మాక్ టెస్టులు రాస్తున్నాడు. సరిపోతుందా? (ఈసీఐఎల్ నుంచి)

సరిపోదు. ఇంజినీరింగ్‌కు 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, పెద్ద తెర మీద, మౌస్‌తో చెయ్యాలి. ఫోన్లో వేళ్లతో జూమ్ చేసి చదివే అలవాటు అక్కడ పనికిరాదు. లెక్క తెరమీద చదివి, రఫ్ పేపర్ మీద చేసి, మళ్లీ తల ఎత్తి ఆప్షన్ నొక్కడం వేరే అలవాటు. అధికారిక సైట్‌లోని మాక్ టెస్టులను వారానికి ఒకటైనా డెస్క్‌టాప్ మీద పూర్తి మూడు గంటలు కూర్చుని రాయించండి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌కు పంపండి. జేఈఈ మెయిన్ కూడా రాస్తుంటే, సంఖ్య రూపంలో జవాబులను తెరమీది కీప్యాడ్‌పై మౌస్‌తోనే నొక్కాలి, అదీ అలవాటు చేయించండి.

తెలుగు పండిట్‌ని. ప్రశ్నపత్రం డీటీపీ సెంటర్‌లో చేయించి ఫైల్ తెచ్చుకుంటే, నా ల్యాప్‌టాప్‌లో అంతా పిచ్చి గీతలు, ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తున్నాయి. వైరసా? (నాచారం నుంచి)

వైరస్ కాదు సార్. అక్కడ అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటారు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ గుర్తుల స్థానాల్లో కూర్చుంటాయి, ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఆ గుర్తులే బయటపడతాయి. ప్రింట్ తీయడానికే అయితే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి, ఎక్కడైనా సరిగ్గా కనిపిస్తుంది.

కానీ మీరే యూనికోడ్‌లో, అంటే ఏ మెషీన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో, టైప్ చెయ్యడం మొదలుపెట్టండి. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి, అందులో 'తెలుగు ఫొనెటిక్' కీబోర్డు ఎంచుకుంటే ఉచ్చారణ ప్రకారం ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌కు చెబుతూ పోతే అదే టైప్ చేస్తుంది, పద్యాల దగ్గర తప్ప బాగానే పట్టుకుంటుంది. మండలి, రామభద్ర, సురవరం లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇలా చేసిన పేపర్లో వచ్చే ఏడాది నాలుగు ప్రశ్నలు మార్చుకుంటే చాలు, కావాల్సిన ప్రశ్న వెతికితే దొరుకుతుంది, వాట్సాప్‌లో పెడితే పిల్లలకు చక్కగా కనిపిస్తుంది. మీ దగ్గరున్న పాత పేపర్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ఒకసారి పూర్తిగా చదవండి, ఒత్తులు, వట్రసుడుల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.