ఫొటోలు పక్కన పెట్టి సుద్దముక్క తీసుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ కొత్త ఆఫీసు ఇలా ఉండాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన 22 ఫొటోలూ చూశాను. మీ అత్తయ్య కూడా కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, "ఇది ఆఫీసా, పెళ్లివారి విడిదా?" అంది. నాకైతే నచ్చాయి. మా రోజుల్లో ఆఫీసు అంటే ఇనుప బీరువా, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, పేము అల్లిన కుర్చీ. ఇప్పుడు సోఫాలు, పూలకుండీలు, గోడలకు మట్టి రంగులు. కరోనా కాలంలో ఇంటి నుంచి పని అలవాటైన వాళ్లను మళ్లీ రప్పించాలంటే ఆఫీసు కాస్త ఇల్లులా ఉండాలని పెద్ద కంపెనీలు ఈ దారి పట్టాయి. అది వాళ్ల అవసరం. ఒంగోలు కర్నూలు రోడ్డులో రెండో అంతస్తు అద్దెకు తీసుకుని, 18 మందితో లెక్కల పని మొదలుపెడుతున్న నీ అవసరం వేరు. 40 ఏళ్లు నెల్లూరులో ఆఫీసులకు బల్లలు చేసి ఇచ్చిన చేతులు ఊరుకోవు కనుక ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు కుర్చీ. నువ్వు రాసిన అంచనాలో రిసెప్షన్‌కు పెట్టిన మొత్తం చూస్తే గుండె గుభేలుమంది. వచ్చినవాడు అక్కడ పది నిమిషాలు కూర్చుంటాడు. నీ మనుషులు లోపల ఎనిమిది గంటలు కూర్చుంటారు. డబ్బు ఎటు పోవాలో నువ్వే చెప్పు, లెక్కలు నీకు నేను నేర్పాలా?

ఒకసారి నేను బల్లలు చేసి ఇచ్చిన ఆఫీసులోనే సొరుగు పట్టేసిందని పిలిస్తే వెళ్లాను. సొరుగు చూద్దామని వంగితే బల్ల కింద ఒక అమ్మాయి పాదాలు కనిపించాయి. చెప్పులు విప్పేసి, తాడు కట్టిన పాత ఫైళ్ల కట్ట మీద పెట్టుకుంది. పై ఫైలు అట్ట మీద మడమల చోట రెండు గుంటలు పడి ఉన్నాయి. ఒక్కరోజులో పడే గుంటలు కావు అవి. ఆ బల్ల ఎత్తు 30 అంగుళాలు. ఏమీ చెప్పకపోతే ఏ మేస్త్రి అయినా చేసే ఎత్తు అదే. దానికి చేతులు అందాలని ఆ అమ్మాయి కుర్చీ పైకి లేపుకుంది, కాళ్లు గాల్లో వేలాడాయి, ఫైళ్లు వచ్చి చేరాయి. బాగుచేసిన సొరుగుతో పాటు ఒక చెక్క పీట కూడా చేసి పంపాను. డబ్బు తీసుకోలేదు, తప్పు నాది మరి. అప్పటినుంచి 28 అంగుళాలకే చేయించాను. పొడుగువాళ్లు ఉంటే బల్ల కోళ్ల కింద దిమ్మలు వేసి లేపవచ్చు. చేసిన బల్లను కోయడమే కష్టం.

కుర్చీలు కొనడానికి ఒక్కదానివే వెళ్లకు. మీలో అందరికన్నా పొట్టి మనిషిని, పొడుగు మనిషిని, లావు మనిషిని వెంట తీసుకువెళ్లు. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మోకాలి వెనక్కీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. నడుము దగ్గర ఆనిక తగలాలి. వీపుకు వల ఉన్న కుర్చీ మంచిదే. 1994లో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ రూపొందించిన ఏరాన్ కుర్చీతో ఆ వల ఆఫీసుల్లో పేరు తెచ్చుకుంది. వాళ్లు అమెరికాలో చేశారు గానీ, అది మన రోహిణి కార్తె కోసమే పుట్టినట్టుంటుంది. అయితే చవక రకాల్లో సీటుకు కూడా వలే వేస్తారు, అది త్వరగా సాగి నులక మంచం అవుతుంది. వీపుకు వల, సీటుకు గట్టి ఫోము ఉన్నవి చూడు.

మోటారుతో లేచే బల్లలు 18 అడిగావు. రెండు చాలు, అందరికీ కలిపి. నడుము పట్టేసినవాళ్లు కాసేపు వెళ్లి నిలబడి పనిచేసుకుంటారు.

ఇక ఆ ఒకే పెద్ద హాలు, అడ్డుగోడలు లేని ఫొటోల సంగతి. దీనికో చరిత్ర ఉంది. 1968లో అదే హెర్మన్ మిల్లర్ కంపెనీలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన, మనిషి తనకు కావలసినట్టు మార్చుకునే అడ్డుతెరల ఏర్పాటు తెచ్చాడు. కంపెనీలు దాన్ని నొక్కి నొక్కి కోళ్ల గూళ్లలాంటి క్యూబికల్స్ చేశాయి. తర్వాత ఆ గూళ్లు పగలగొట్టి, అంతా తెరిచి ఉంచితే మనుషులు కలివిడిగా మాట్లాడుకుంటారన్నారు. 2018లో హార్వర్డ్ పరిశోధకులు అలా మారిన రెండు ఆఫీసులను పరిశీలిస్తే ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయని, ఈమెయిళ్లు పెరిగాయని తేలింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. పది మంది చూస్తుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోక ఏం చేస్తారు? అందుకే ఇప్పటి పోకడ మళ్లీ చిన్న గదుల వైపు తిరిగింది, ఫోను మాట్లాడుకోవడానికి ఒక్కరు పట్టే గూడు, నిశ్శబ్దంగా పనిచేసుకునే మూల. ఆ గూడు కంపెనీ సరుకు కొనకు. బీరువా కోసం వదిలిన గది ఉంది కదా, తలుపు బిగించి అదే వాడు.

గోడలకు అతికించే ఫెల్టు పలకలు, అదే దళసరి మెత్తటి గుడ్డలాంటివి, అడిగావు. వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి చేస్తారు, మంచి సరుకు. కానీ అవి లోపలి మాటల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప, కర్నూలు రోడ్డు లారీల హారన్‌ను ఆపలేవు. దానికి కిటికీ రెక్కల సందులు రబ్బరు పట్టీతో మూయాలి, మందం అద్దం వేయాలి. రెండూ ఒకటే అనుకుని ఖర్చు పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

కిటికీలన్నావు కాబట్టి చెబుతున్నాను, నీ పడమటి వైపు గోడ నిండా అద్దం వద్దు. ఆ ఫొటో ఏ చలి దేశంలోదో. మే నెలలో ఒంగోలు సాయంత్రపు ఎండ అందులోంచి వస్తే నువ్వు పెట్టే ఏసీలు ఏ మూలకూ చాలవు. కంప్యూటర్ తెర కిటికీకి ఎదురుగా గానీ, వీపు చూపిస్తూ గానీ కాకుండా, కిటికీ ఓ పక్కకు వచ్చేలా బల్లలు వేయించు. దీపాలు ఆసుపత్రి తెలుపు కాకుండా 4000 కెల్విన్ రకం తీసుకో, వెలుతురు రంగుకు అది కొలత, పెట్టె మీద రాసి ఉంటుంది.

చెక్క విషయంలో నా మాట కాదనకు. ధర తక్కువని ఒకాయనకు పార్టికల్ బోర్డుతో, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకతో, బల్లలు చేసి ఇచ్చాను. 2021 నవంబరులో పెన్నా పొంగి ఆయన ఆఫీసు ఉన్న కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు దిగాక వెళ్లి చూస్తే బల్ల కోళ్లు నానిన అటుకుల్లా ఉబ్బి, మైకా విడిపోయి వేలాడుతోంది. నీ రెండో అంతస్తుకు వరద రాకపోవచ్చు, తడిగుడ్డ మాత్రం రోజూ వస్తుంది. నేలకు తగిలే భాగాలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లను తట్టుకునే ప్లైవుడ్ వాడు, పైవాటికి మామూలు రకం ఐఎస్ 303 సరిపోతుంది. ఇనుప కోళ్లు అయితే తుప్పు పట్టకుండా పౌడర్ కోటింగ్ వేయించు, కొత్తపట్నం ఉప్పుగాలి మీకు ఎంత దూరమని? సోఫాలకు రెగ్జిన్ వద్దు, మన ఉక్కకు పొట్టు లేస్తుంది. ఊడదీసి ఉతుక్కునే గుడ్డ తొడుగులు వేయించు.

రిసెప్షన్ బల్లకు చీమకుర్తి గెలాక్సీ రాయి అన్నావు. పక్కనే పుట్టిన రాయి, ప్రపంచమంతా కొనుక్కుంటోంది, మనం వాడకపోతే ఎలా అని నాకూ ఉంటుంది. నల్లటి రాయిలో ఆ బంగారు చుక్కలు చూస్తే చీకటి రాత్రి మేడ మీద పడుకున్నట్టుంటుంది. అక్కడ వేయి, టీ కాచుకునే గట్టుకూ వేయి. పనిచేసే బల్లల మీద మాత్రం వద్దు. పైదీపం అందులో మెరిసి కళ్లలో పొడుస్తుంది, ఏసీలో మోచేతులు జివ్వుమంటాయి, వేలిముద్రలు తుడవడానికి ఒక మనిషిని పెట్టాలి. టీ గట్టు మీద ఉదయగిరి కొయ్య చెంచాలు పెట్టు, నేను తెస్తాను.

ఎవరికీ సొంత బల్ల ఉండదు, ఏ పూటకు ఖాళీగా ఉన్నచోట ఆ పూట కూర్చుంటారు అనే పద్ధతి నీకు పనికిరాదు. సగం మంది ఇంటి నుంచి పనిచేసే చోట అది లాభం. నీ దగ్గర 18 మందీ రోజూ వస్తారు. మనవాళ్లు కుర్చీకి తువ్వాలు వేసుకుని, బల్ల మీద దేవుడి బొమ్మ పెట్టుకుంటే తప్ప కుదురుగా కూర్చోరు. ఒక్కొక్కరికీ తాళం ఉన్న సొరుగు ఒకటి ఇవ్వు, అందులో టిఫిను డబ్బా నిలువుగా పట్టాలి. కొలిచి చేయించు.

ప్లాస్టిక్ పచ్చిక గోడ సంగతి నేను మాట్లాడను. దుమ్ము దులిపేది నువ్వే.

కర్ర ఊతంతో నడిచే అబ్బాయి చేరుతున్నాడన్నావు కదా. దారులన్నీ నాలుగు అడుగులు వదులు, బాత్రూం తలుపు 90 సెంటీమీటర్లకు తగ్గనివ్వకు. లిఫ్టు ముందున్న ఆ రెండు మెట్లకు వాలు కట్టించమని ఇంటి యజమానిని ఇప్పుడే అడుగు, అద్దె కాగితాల మీద సంతకం పెట్టాక వినడు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు కావాలి. అంతకన్నా నిటారుగా కడితే అది ఆ అబ్బాయికి జారుడుబల్ల.

ఇంకా దేనికీ అడ్వాన్సు ఇవ్వకు. శనివారం సాయంత్రం పినాకిని రైల్లో వస్తాను. ఆదివారం హాలు ఊడిపించి ఉంచు. బల్లలు, కుర్చీలు, దారులు అన్నీ నేల మీద అసలు కొలతల్లో సుద్దతో గీద్దాం. నీ మనుషుల్లో నలుగురిని రమ్మను, ఆ గీతల మధ్య వాళ్లను రెండు గంటలు తిరగనిచ్చి, ఎక్కడ గుద్దుకుంటారో చూద్దాం. టేపు నా దగ్గర ఉంది. సుద్దముక్కల పెట్టె ఒకటి నువ్వు తెప్పించు.

మీ మామయ్య
నెల్లూరు